అడిగే హక్కు ఇద్దరికీ

సంక్రాంతి దాటాక బళ్ళారి నుంచి మోక వైపు వెళ్తే కల్లాల్లో ఎండుతున్న మిరపకాయలు కనపడతాయి. ఆ ఎరుపు వెనక ఎంతమంది డబ్బు ఉందో మాత్రం కనపడదు. మండీ సావుకారు ఇచ్చిన అడ్వాన్సు, ఎరువుల అంగట్లో ఖాతా, సొసైటీలో పంట రుణం, ఇల్లాలు సంఘంలో ఎత్తిన లోను, బావమరిది దగ్గర చేబదులు, మూడో నెలలోనే నష్టానికి పాడుకున్న చీటీ. రెండెకరాల చేనులో ఇంతమంది పెట్టుబడి ఉంటుంది. వీళ్ళలో కొందరి దగ్గర కాగితం ఉంది, కొందరి దగ్గర మాట ఉంది, కొందరికి చుట్టరికమే ఆధారం. ధర పలికితే అందరూ మనవాళ్ళే. పలకకపోతే ఎవరు మనవాళ్ళుగా మిగులుతారు? ఈ అధ్యాయం దాని గురించే.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. డబ్బు చేతులు మారిన చోట బంధం నిలవాలంటే ఇద్దరికీ అడిగే హక్కు ఉండాలి. ఇచ్చినవాడికి "ఎప్పుడిస్తావప్పా?" అని అడిగే హక్కు ఎంత ఉందో, తీసుకున్నవాడికి "ఇంకో పంట దాకా ఆగన్నా" అనే హక్కూ అంతే ఉండాలి. లెక్క చూపించమనే హక్కు ఉండాలి. రేపు ఆపద వస్తే మళ్ళీ ఆ గడప తొక్కే హక్కు ఉండాలి. ఒకవైపు నోరు మూతపడితే, పైకి ఎంత ఆప్యాయంగా కనిపించినా, అది దానమో పెత్తనమో అయిపోతుంది.

పరస్పరత అంటే సరిసమానంగా ఇచ్చిపుచ్చుకోవడమని చాలామంది అనుకుంటారు. నేను పదివేలిస్తే నువ్వు పదివేలివ్వాలి, నేను ఆసుపత్రికి వస్తే నువ్వూ రావాలి. ఈ సరిహద్దు ఊళ్ళలో పెళ్ళి జరిగే తీరు గమనిస్తే అది సరికాదని తెలుస్తుంది. పందిట్లో ఒక మూల బల్ల వేసుకుని ఒకాయన పుస్తకం పెట్టుకుని కూచుంటాడు. వచ్చినవాళ్ళు ముయ్యి చదివిస్తుంటే పేరు, ఊరు, మొత్తం రాస్తాడు. కొన్ని పేర్లు కన్నడంలో, కొన్ని తెలుగులో, రాసేవాడి చేతికి ఏది వస్తే అది. ఆ పుస్తకం పెళ్ళయ్యాక బీరువాలోకి వెళ్తుంది. మళ్ళీ ఎవరింట్లోనో శుభలేఖ వచ్చినప్పుడు బయటికి తీసి, వాళ్ళు మనకు ఎంత చదివించారో చూసి, దానికి కొంచెం కలిపి తీసుకుపోతారు.

చదువుకున్న పిల్లలు కొందరు దీన్ని బేరం అంటారు. నేను ఒప్పుకోను. ఎనిమిదేళ్ళ కిందట ఐదు వందలు చదివించిన వాళ్ళకు వెయ్యి పెట్టేటప్పుడు ఎవరూ వడ్డీ లెక్క కట్టరు. తీర్చడానికి తేదీ లేదు. అవతలివాళ్ళింట్లో పెళ్ళి ఎప్పుడొస్తే అప్పుడే గడువు, అంటే వాళ్ళకు డబ్బు అవసరమైన రోజే గడువు. ఐదు వందలు తీసుకున్న మర్నాడే ఐదు వందలు పట్టుకుపోయి ఇచ్చి చూడండి, మనతో తెంచుకోవడానికే వచ్చాడని అనుకుంటారు. ఎప్పుడూ కొంత బాకీ మిగిలి ఉండటమే ఈ పద్ధతిలో బంధాన్ని నిలబెడుతుంది. లెక్క ఉంది, రాత ఉంది, కానీ తగాదా లేదు. రాసుకోవడం వేరు, నమ్మకపోవడం వేరు అని మన పెద్దలకు బాగా తెలుసు. అన్నదమ్ముల మధ్య కాగితమేంటని మొహమాటపడే వాళ్ళు ఈ పెళ్ళి పుస్తకాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇక చీటీ పాట. దీని లోపలి లెక్క చీటీ వేసేవాళ్ళలోనే చాలామంది పట్టించుకోరు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. ఇరవై మంది, నెలకు తలా ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ అనుకోండి. కూతురి పెళ్ళి దగ్గర పడిన ఒకాయన రెండో నెలలో ఇరవై వేల నష్టానికి పాడుకున్నాడు. ఆయన చేతికి ఎనభై వేలు వస్తాయి. ఆ ఇరవై వేలలో నడిపేవారి కమిషన్ ఐదు వేలు పోగా మిగిలిన పదిహేను వేలు ఇరవై మందికీ పంచితే తలా 750. ఆ నెల ఒక్కొక్కరు 4,250 కడితే సరిపోతుంది. పెళ్ళి పెట్టుకున్నాయన ఎవరి దగ్గర అప్పు తీసుకున్నట్టు? మిగతా పందొమ్మిది మంది దగ్గర. వడ్డీ ఎవరికి పోయింది? ఆ పందొమ్మిది మందికీ, ఆయనకు కూడా. బ్యాంకు లేదు, తాకట్టు లేదు. ఆపద ఉన్నవాడు ముందు ఎత్తుకుంటాడు, లేనివాడు చివరి దాకా ఆగి లాభం తింటాడు.

అయితే గుర్తుంచుకోవలసింది ఆ చివరివాడినే. ముందు ఎత్తుకున్నవాడు తన డబ్బు తాను తీసేసుకున్నాడు. ఇరవయ్యో నెల దాకా ఆగినవాడి సొమ్ము అన్నాళ్ళూ ఇతరుల చేతుల్లో ఉంటుంది. ఎవరో ఒకరు మధ్యలో కట్టడం మానేస్తే, నడిపేవాడు ఊరు వదిలితే, మునిగేది అతనే. కాబట్టి చివరివాడికి అడిగే హక్కు అందరికన్నా ఎక్కువ ఉండాలి. చీటీ ఎత్తినవాళ్ళు ఏం జామీను ఇచ్చారు? కట్టనివాళ్ళ పేర్లు పాట రోజు అందరి ముందూ చదువుతున్నారా? 1982 చిట్‌ఫండ్ల చట్టం చేసింది ఈ ప్రశ్నలకు బలం ఇవ్వడానికే. రిజిస్టరైన చీటీలో నడిపేవారు ముందుగా సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, పాడుకున్నవారు హామీ ఇచ్చాకే డబ్బు తీసుకోవాలి. కమిషన్ పరిమితి మొదట 5 శాతం ఉండేది, 2019 సవరణతో 7 శాతం అయింది. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీలో ఇవేవీ ఉండవు. అలాంటి చీటీ వేయొద్దని నేననను. ఈ ప్రశ్నలు అడిగితే నడిపేవాడికి కోపం వస్తుందేమో చూడండి. కోపం వస్తే ఆ చీటీలో ఉండకండి.

ఈ ఆలోచనకు చట్టం రూపం వచ్చిన చరిత్రలో బళ్ళారి సీమకు చోటుంది. 1876-78 కరువులో అతి ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తర్వాత రైతుకు వడ్డీ బాధ తప్పించే దారేదో చూడమని మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్‌ను నియమించింది. ఆయన 1895, 1897లో రెండు భాగాలుగా నివేదిక ఇచ్చాడు. జర్మనీలో రైఫైజన్ పల్లెల్లో పెట్టిన పరపతి సంఘాలను చూసి, మన దగ్గరా అలాంటివే రావాలన్నాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే బళ్ళారికి పడమట, అప్పటి బొంబాయి ప్రెసిడెన్సీలోని గదగ్ ప్రాంతంలో, కణగినహాళ అనే పల్లెలో సిద్దనగౌడ సణ్ణరామనగౌడ పాటిల్ పూనికతో సంఘం మొదలైంది. దేశంలో తొలి వ్యవసాయ సహకార పరపతి సంఘంగా దాన్నే చెప్పుకుంటారు.

ఆ 1904 చట్టంలో ఇవాళ వింటే ఉలిక్కిపడే షరతు ఒకటుంది. పల్లె సంఘాల్లో సభ్యుల బాధ్యతకు హద్దు లేదు. సంఘం అప్పు తీర్చలేకపోతే ప్రతి సభ్యుడూ తన ఆస్తితో జవాబు చెప్పుకోవాలి. క్రూరంగా అనిపిస్తుంది గాని, దాని వెనకున్న తర్కం గట్టిది. పక్కవాడి అప్పు నా ఇంటి దాకా వస్తుందంటే, వాడు దేనికి తీసుకుంటున్నాడో నేను అడుగుతాను. ఎద్దుల కోసమా, జూదం కోసమా? విత్తనం వేశాడా లేదా? నష్టం ఇద్దరిదీ అయినప్పుడు అడిగే హక్కు ఇద్దరికీ దానంతటదే వస్తుంది. తర్వాతి కాలంలో సర్కారు సొసైటీల మీద పెత్తనం పెంచుకునే కొద్దీ సభ్యులకు ఆ హక్కు సన్నగిల్లింది. దాన్ని తిరిగి సభ్యుల చేతికే ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చింది. కర్ణాటక 1997లో సౌహార్ద సహకారి చట్టం చేసింది.

ఆడవాళ్ళ సంఘాల దగ్గరికొస్తే విషయం ఇంకా స్పష్టంగా కనపడుతుంది. కర్ణాటకలో మైరాడా అనే సంస్థ 1984-85 ప్రాంతంలో ఒక సంగతి గమనించింది. వాళ్ళు పెట్టించిన పెద్ద సహకార సంఘాలు బీటలు వారుతుంటే, అందులోంచి చిన్న చిన్న గుంపులు విడిపోయి తమంతట తామే పొదుపు చేసుకుంటున్నాయి. ఆ గుంపుల్ని కలిపింది డబ్బు కాదు. ఒకరినొకరు ముందునుంచీ ఎరిగి ఉండటం, ఒకే రకం కష్టం పడటం, ఒకరి మాట మీద ఒకరికి గురి. డబ్బు తర్వాత వచ్చింది. నాబార్డు 1992లో 500 సంఘాలతో మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం పథకానికి ఈ అనుభవం ఒక పునాది. ఇవాళ మోక చుట్టుపక్కల ఏ వీధిలో అడిగినా ఒక సంగం పేరు చెప్తారు.

బాగా నడిచే సంఘం మీటింగు ఎలా ఉంటుందో చూడండి. పది నుంచి ఇరవై మంది. అరుగు మీదో గుడి ముందో గుండ్రంగా కూచుంటారు, ఎందుకంటే వరసలో కూచుంటే వెనకవాళ్ళు మాట్లాడరు. డబ్బు పెట్టె ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరి దగ్గర. ముందు పొదుపు, తర్వాత కంతులు. నోట్లు అందరి కళ్ళ ముందే లెక్కపెడతారు. పుస్తకం రాసే అమ్మాయి ప్రతి ఒక్కరి నిల్వా గట్టిగా చదువుతుంది, చదువు రానివాళ్ళకు కూడా తెలియాలని. అప్పు కావాలన్నావిడ ఎందుకో చెప్పాలి. "అక్కా, పోయినసారి బర్రెకని తీసుకుంటివి, బర్రె ఏదీ?" అని అడుగుతారు. అడిగించుకున్నావిడ నొచ్చుకోదు, వచ్చే నెల ఆమె కూడా ఇంకొకర్ని అదే అడుగుతుంది. కంతు కట్టలేనావిడ "మావాడికి డెంగీ వచ్చింది, ఈ నెల వదిలేయండి" అంటే ఆ మాటకూ అక్కడ చోటుంది. తీర్మానం రాసి గడువిస్తారు.

ఇప్పుడు దీనికి నకలు చూడండి. మైక్రోఫైనాన్సు కంపెనీలు కూడా ఐదుగురినో పదిమందినో కలిపి గుంపు కడతాయి. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలంటాయి. పైకి అదే పరస్పర బాధ్యత. కానీ వడ్డీ ఎంతో, అప్పు ఎంతో, వారానికి ఎంత కట్టాలో ఆ ఆడవాళ్ళు నిర్ణయించలేదు. డెంగీ వచ్చిందని చెప్పుకునే చోటు లేదు. బాధ్యత మాత్రం పంచారు, హక్కు పంచలేదు. దాంతో పక్కింటావిడే పక్కింటావిడ గుమ్మం ముందు కూచుని పరువు తీసే పరిస్థితి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆత్మహత్యల దాకా వెళ్ళి, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పదిహేనేళ్ళు తిరక్కముందే, 2025 ఫిబ్రవరిలో, కర్ణాటక కూడా దౌర్జన్యపు వసూళ్ళ మీద ఆర్డినెన్సు తెచ్చింది. ఇది చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. స్నేహాన్ని జామీనుగా పెట్టించుకుని స్నేహాన్నే చంపేశారు. ఏ గుంపులోనైనా చేరే ముందు గుర్తుంచుకోవలసిన నియమం ఒకటుంది. ఇంటి నెల రాబడిలో సగానికి మించి కంతులకు పోకూడదని రిజర్వు బ్యాంకు మైక్రోఫైనాన్సు అప్పులకు 2022 నుంచి హద్దు పెట్టింది. కంపెనీ వాళ్ళు లెక్క వేసినా వేయకపోయినా మీరు వేసుకోండి.

పరస్పరతను ఇష్టపడేవాళ్ళు సాధారణంగా చెప్పని చిక్కు ఒకటి ఉంది. ఒకే ఊరివాళ్ళు, ఒకే పంటవాళ్ళు, ఒకే కాలువ కిందివాళ్ళు ఒకరికొకరు జామీనుగా ఉంటే, ఆపద అందరికీ ఒకేసారి వస్తుంది. 2022లో మోక దగ్గర, బైరదేవనహళ్ళి వద్ద, వేదావతి మీద తుంగభద్ర దిగువ కాలువ వంతెన స్తంభం దెబ్బతింటే నీళ్ళు ఆగాయి. ఇటు బళ్ళారి రైతూ, కింద కర్నూలు జిల్లా రైతూ ఒకే రోజు ఆకాశం వైపు చూశారు. బళ్ళారి మిరప చాలావరకు హావేరి జిల్లా బ్యాడగి మార్కెట్టుకు పోతుంది. 2024 మార్చిలో అక్కడ ధర ఒక్కసారిగా పడిపోయేసరికి రైతులు మండిపడి వాహనాలకు నిప్పు పెట్టే దాకా వెళ్ళింది. అలాంటి వారంలో మీ బావమరిదికీ, మీ చీటీ జతగాళ్ళకూ, మీ ఇల్లాలి సంఘానికీ అందరికీ డబ్బు కావాలి, ఎవరి దగ్గరా లేదు. అప్పుడు ఎవరూ మోసగాళ్ళు కారు, అయినా సంబంధాలు తెగుతాయి.

అందుకే రైఫైజన్ కాలం నుంచీ పల్లె సంఘాన్ని పైన జిల్లా బ్యాంకుకు కట్టారు. పొదుపు సంఘాల్ని బ్యాంకుతో కలిపిందీ ఇందుకే. మీరు కూడా మీ ఇచ్చిపుచ్చుకోవడాల్ని ఒకే చోట పోగు వేయకండి. చేను మీద బతికేవాళ్ళకు నెల జీతం వచ్చే చుట్టం ఒకరు, కూలి మీద బతికే స్నేహితుడు ఒకరు, వేరే ఊరి అంగడి సావుకారు ఒకరు తోడుండటం మంచిది. వాళ్ళ కష్టకాలం మీ కష్టకాలంతో కలవదు. వాళ్ళకు కష్టం వచ్చినప్పుడు మీ కల్లంలో కాయ ఉంటుంది. జీతగాళ్ళకూ ఇదే మాట. ఒకే కంపెనీలో పనిచేసే నలుగురు స్నేహితులు ఒకరి హౌసింగ్ లోనుకు ఒకరు హామీ ఉంటే, ఆ కంపెనీ మూతపడ్డ రోజు నలుగురూ కలిసే పడతారు.

హామీ మాట వచ్చింది కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం. మన ఇళ్ళల్లో ఎక్కువ బంధాలు తెగేది ఇక్కడే. "బావా, ఒక సంతకం పెట్టు చాలు, డబ్బేమీ ఇవ్వనక్కర్లేదు" అంటాడు. నిజానికి డబ్బు అడిగితేనే నయం, ఎంత పోతుందో ముందే తెలుస్తుంది. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. ముందు వాణ్ణి అడిగి రా, తర్వాత నా దగ్గరికి రా అని బ్యాంకుతో అనలేరు. మీరు కట్టాక అతని దగ్గర వసూలు చేసుకునే హక్కు చట్టం ఇస్తుంది, కానీ అక్క మొగుడు బావమరిది మీద కేసు వేసే ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు.

కాబట్టి సంతకానికి ముందే మాట్లాడండి. "పెడతాను గానీ, ప్రతి కంతు కట్టాక రసీదు ఫొటో నా వాట్సాప్‌కు పంపు. ఏ నెలైనా కట్టలేకపోతే బ్యాంకు నుంచి నాకు ఫోను రాకముందే నువ్వు చెప్పు" అనండి. ఇందులో అనుమానం లేదు. నష్టంలో పాలు తీసుకుంటున్నవాడు లెక్కలోనూ పాలు అడుగుతున్నాడు, అంతే. దీనికి అతను ఒప్పుకోకపోతే "నా వల్ల కాదు బావా" అనడం ఇద్దరికీ మేలు. కాదనే వీలు లేని చోట ఔనన్న మాటకు విలువ లేదు. మీరు అతన్ని అడిగిన రోజున అతనూ కాదనవచ్చని ముందే ఒప్పుకోండి.

చేబదులు ఇచ్చేటప్పుడు వీలైనంతవరకు బ్యాంకు ద్వారా ఇవ్వండి. చిన్న మొత్తమైనా తేదీ వేసి, వడ్డీ ఉంటే ఎంతో, లేకపోతే లేదని రాసుకోండి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నోటితో చెప్పినప్పుడు తక్కువగానే వినిపిస్తుంది, కాగితం మీద రాస్తే కళ్ళు తెరుచుకుంటాయి. డిమాండు ప్రోనోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్ళే కాలపరిమితి. ఆ లోపల కొంత కట్టి, వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. ఇది తీసుకున్నవాడికి కూడా మేలే. చెల్లు రాయించుకోకుండా చేతికిచ్చిన డబ్బు చాలా తగాదాల్లో "ఇచ్చాను", "ఇవ్వలేదు" అనే రెండు మాటలుగా మిగిలిపోతుంది. ఇచ్చినవాడు అడగడానికి వెళ్ళేటప్పుడు ప్రోనోటు జేబులో పెట్టుకుని వెళ్ళాలి. తీసుకున్నవాడు ఇవ్వగలిగింది ఐదు వందలైనా ఇచ్చి వెనక రాయించుకోవాలి. మొహం చాటేసి పొలం గట్టు వెంట వేరే దారిన పోవడం మొదలైందంటే, మొత్తం చిన్నదైనా సంబంధం అప్పటికే సగం పోయినట్టు.

భార్యాభర్తల దగ్గరికి వస్తే నాకు కొంచెం కోపంగానే ఉంటుంది. మిరప కోతకు ఆమె పోతుంది, సంఘంలో లోను ఆమె పేరున వస్తుంది, కంతు ఆమె కట్టాలి, మీటింగులో మాట ఆమె పడాలి. డబ్బు మాత్రం ఆయన చేతికి పోతుంది, బోరుకో బైకుకో. మండీలో ఎంత అడ్వాన్సు తీసుకున్నాడో ఆమెకు తెలియదు. ఆయన లేని రోజున సావుకారు ఇంటికొచ్చి చెప్తే గానీ తెలియని అప్పులు ఎన్ని ఇళ్ళను ముంచాయో ఈ జిల్లాలో చాలామంది ఎరుగుదురు. ఆమె కూడా కొన్నిసార్లు పుట్టింటికి పంపింది దాస్తుంది, ఎందుకంటే అడిగితే కాదంటాడని ముందే తెలుసు. ఒకరు దాస్తే రెండోవాళ్ళూ దాస్తారు. ఇందులో ప్రేమ తక్కువై కాదు, అడిగే అలవాటు లేక.

దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. కోతలయ్యాక, మండీ పట్టీ చేతికొచ్చిన సాయంత్రం, పిల్లలు పడుకున్నాక, ఒక నోటుబుక్కు తీయండి. జీతగాళ్ళయితే జీతం పడ్డ రోజు. ముందు ఆయన తన పేరున ఉన్న అప్పులు చెప్పాలి, ఎవరికి, ఎంత, ఎంత వడ్డీకి, ఎవరు హామీ. మధ్యలో ఆమె ఏమీ అనకూడదు. తర్వాత ఆమె చెప్పాలి, సంఘం లోను, చీటీ, చెల్లెలికి ఇచ్చింది, కుదువ పెట్టిన కమ్మలు. ఆయన ఏమీ అనకూడదు. మొదటిసారి మాటలు తడబడతాయి, ఒకటో రెండో దాచిపెడతారు కూడా. పర్వాలేదు, వచ్చే నెల మళ్ళీ అదే పుస్తకం తీయండి. ఆమె అప్పులు ఆమె చేతనే రాయించండి. రాయడం రాకపోతే ఆమె చెప్పినట్టే పిల్లల్లో పెద్దవాళ్ళ చేత రాయించండి. పుస్తకం మాత్రం ఇద్దరికీ తాళంచెవి ఉన్న బీరువాలో ఉంచండి.